బల్ల మీద పెట్టకూడని పెట్టె

ఉన్నవాళ్ళు: నేను, నా భార్య స్వాతి. స్వాతికి ఏడో నెల. ఉన్నవి: న్యూజెర్సీ నుంచి వచ్చిన అట్టపెట్టె ఒకటి, కత్తెర, స్పీకర్‌లో పెట్టిన నా ఫోన్, ఆ ఫోన్‌లో కనెక్టికట్ నుంచి మాట్లాడుతున్న ఒక పెద్దమనిషి గొంతు. గదిలో భోజనాల బల్ల కూడా ఉంది, ఖాళీగానే ఉంది. పెట్టె మాత్రం నేల మీద ఉంది.

"నేను వంగలేను కదా, బల్ల మీద పెట్టి కొయ్యొచ్చుగా," అంది స్వాతి.

"జోళ్ళు అయితే బల్ల మీద పెట్టకూడదు."

"విప్పకుండానే జోళ్ళని నీకెలా తెలుసు?"

ఫోన్‌లో ఉన్నాయన అప్పటికే చెప్పాడు, స్వాతి వంటగదిలో ఉండగా. ఆయన మా పాత ఇంటి యజమానురాలికి మేనల్లుడు. ఆవిడ పోయిందనీ, ఖననం కూడా అయిపోయిందనీ, పెట్టె ఆవిడ ఇంటి నుంచే, ఆవిడ రాసి ఉంచిన చిరునామాకి వచ్చిందనీ, నా నంబరు ఆలస్యంగా దొరికిందనీ చెప్పాడు. "పోయే ముందు రెండుసార్లు చెప్పింది. ఈ జత మేడమీది అబ్బాయి భార్యకి పంపాలట. మూడు ఆదివారాలు, అతనికి తెలుసు అంది. నాకైతే ఏమీ అర్థం కాలేదు. మీకు వింతగా ఉంటే పారేయండి, ఏమీ అనుకోను."

"నాకు తెలుసు," అన్నాను.

పెట్టెలో నల్లని తోలు బూట్లు, ఆడవాళ్ళవి, మడమ పొట్టిగా, ముందు లేసులు. ముక్కు భాగం ముడతలు పడకుండా లోపల కాగితం కుక్కి ఉంది. కొత్తగా పాలిష్ చేశారు. ఆ పాలిష్ ఆవిడే చేసి ఉండాలి, ఆ మేనల్లుడు చేసే రకం కాదు. అడుగున నంబరు ఏడు.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను ఎప్పుడూ పేరుతో పిలవలేదు. మొదట్లో మేడమ్ అంటే, "నేను ఎవరికీ మేడమ్‌ని కాను," అంది. ఆ తరువాత ఏమీ పిలవకుండానే మాట్లాడేవాణ్ణి. ఆవిడ నన్ను అబ్బాయ్ అన్నట్టు పిలిచేది. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, కానీ అమెరికా ఇంగ్లీషు కాదు. ఐర్లండ్ పడమటి తీరంలో ఒక పల్లె నుంచి పంతొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది, మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. నా చెవికి మా అమ్మమ్మ మాట్లాడినట్టు ఉండేది. అందుకని ఇక్కడ అలాగే రాస్తున్నాను.

న్యూజెర్సీలో ఎడిసన్ రైలు స్టేషన్‌కి నడిచి వెళ్ళగలిగే దూరంలో ఆవిడ ఇల్లు. కింది వాటాలో ఆవిడ, ఆవిడ తమ్ముడు. పై వాటాలో నేను, నరేందర్. నరేందర్‌ది వరంగల్, నాది తెనాలి. ఇద్దరం హెచ్-వన్ వీసా మీద ఉన్నాం. అది 2008 చివర. మా ఆఫీసుల్లో ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు అట్టపెట్టె పట్టుకుని లిఫ్ట్ ఎక్కుతున్న రోజులు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏది ఎప్పుడు ఎలా పాడవుతుందో ముందే ఊహించి రాసుకోవడం నా పని. అంటే భయపడటం నాకు వృత్తి. ఆవిడకి అది స్వభావం. బహుశా అందుకే కుదిరింది.

అద్దె కాగితాల మీద సంతకం పెట్టడానికి వంటగదిలోకి పిలిచినప్పుడు నా చేతిలో అప్పుడే కొన్న బూట్ల పెట్టె ఉంది. చేయి ఖాళీ చేసుకోవడానికి దాన్ని బల్ల మీద పెట్టాను. ఆవిడ లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. పెట్టెను రెండు చేతులతో తీసి, గుమ్మం పక్కన నేల మీద పెట్టి, తడిగుడ్డతో బల్ల తుడిచింది.

"కొత్త జోళ్ళు బల్ల మీద పెడితే ఆ ఇంట్లోంచి శవం లేస్తుంది," అంది.

కిటికీ దగ్గర పేపర్ చదువుకుంటున్న తమ్ముడు తల ఎత్తలేదు. "కుర్రాడు ఇంకా సంతకం కూడా పెట్టలేదు. అప్పుడే ఎవర్ని లేపుతున్నావ్?"

"నిన్నే. ఇక్కడ ఇంకెవరున్నారు లేవడానికి?"

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వాలో లేదో తెలియక సంతకం పెట్టాను.

ఆ ఇంట్లో ఆవిడ నడిచిన చప్పుడు ఎప్పుడూ వినలేదు. ఇంట్లో చెప్పులు లేకుండా తిరిగేది, జనవరిలో కూడా. పాదాలు వెడల్పుగా, వేళ్ళు విడివిడిగా ఉండేవి, చిన్నప్పుడు బూట్లలో పెరగని పాదాలు. మేం మెట్ల కింద చెప్పులు విప్పి వరుసగా పెట్టడం చూసి ఒకరోజు అంది: "ఇన్నేళ్ళలో నేను చెప్పకుండా జోళ్ళు విప్పిన అద్దెవాళ్ళు మీరే." ఆ వరుసను రోజూ చూసేది. ఒక్కొక్కసారి వంగి, ఒక బూటు తిరగేసి, అడుగు చూసి, మళ్ళీ అక్కడే పెట్టేది. ఎందుకో నాకు అప్పుడు తెలియదు.

చీపురు బయటికి కాదు, లోపలికి ఊడ్చేది. గుమ్మం దగ్గర మొదలుపెట్టి పొయ్యి దాకా. వాళ్ళ ఊళ్ళో పొయ్యి అంటే ఇంటి మధ్యలో పీట్ అనే ఎండబెట్టిన మట్టిగడ్డలు మండే చోటు. ఇక్కడ గ్యాస్ స్టవ్. అయినా చెత్త స్టవ్ దగ్గరికే చేరాలి, అక్కడే ఎత్తాలి. బయటికి ఊడిస్తే ఇంటి మంచి కూడా పోతుందట. "దీపం పెట్టాక ఊడిస్తే లక్ష్మి పోతుందని మా అమ్మ అంటుంది," అని చెప్పాను. "మీ అమ్మకి తెలుసు," అంది, మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడినట్టే.

ఏ గుమ్మంలోంచి వస్తే ఆ గుమ్మంలోంచే పోవాలి. ఒకసారి వీధి గుమ్మంలోంచి వచ్చి, పెరట్లో ఆరేసిన బట్టల కోసం వెనక గుమ్మం వైపు వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఇల్లంతా చుట్టి పెరట్లోకి వెళ్ళాను, మంచులో.

అన్నిటికన్నా కాళ్ళ నీళ్ళ సంగతి. చీకటి పడే ముందు ఆవిడ, తమ్ముడు ఒక బేసిన్‌లో కాళ్ళు కడుక్కునేవాళ్ళు. ఆ నీళ్ళు ఇంట్లో ఉంచకూడదు. ఉంచితే బయట తిరిగేవాళ్ళకి ఆ నీళ్ళే తలుపు తీసి పెడతాయట. బయట తిరిగేవాళ్ళు అంటే దొంగలు కాదు. వెనక మెట్టు మీద నిలబడి, వాళ్ళ ఐరిష్ భాషలో ఒక మాట గట్టిగా అని, అప్పుడు పారబోసేది. తప్పుకోండి, మురికినీళ్ళు వస్తున్నాయి అని దాని అర్థం. కనపడని వాళ్ళ మీద పడితే కోపం వస్తుంది కాబట్టి ముందుగా చెప్పడం. కనపడేవాళ్ళ గురించి ఆవిడ అంత ఆలోచించలేదు.

"అరే, ముసలామె నా మీద నీళ్ళు కొట్టింది రా!" నరేందర్ తడిసిన ప్యాంటుతో మెట్లెక్కి వచ్చాడు.

"ఏం చేశావ్?"

"ఏం చెయ్యలే. కారు దిగుతున్న. ఏదో మంత్రం సదివింది, బేసినెడు గుమ్మరిచ్చింది. మల్ల నన్నే తిడ్తది, చెప్పినంక కూడ ఎందుకు నిలబడ్డవ్ అని."

ఆవిడ చెప్పే కథలన్నీ కాళ్ళ దగ్గరే మొదలయ్యేవి. మే నెల మొదటి రోజు పిల్లలు జోళ్ళు విప్పేసేవాళ్ళు. మంచు కురిసే దాకా మళ్ళీ వేసుకునేది లేదు. అమ్మమ్మ వైపు వాళ్ళది సముద్రంలో ఒక దీవి. అక్కడ పచ్చి ఆవుతోలుని వెంట్రుకలు పైకి ఉండేలా మడిచి, తాడుతో కట్టి తొడుక్కునేవాళ్ళు. అవి ఎండితే కట్టెలవుతాయి కాబట్టి ప్రతి సాయంత్రం నీళ్ళ బక్కెట్లో నానబెట్టేవాళ్ళు. మా తాతయ్య కిర్రుచెప్పులకి ఆముదం పట్టించేవాడని నేను చెప్తే, అరగంట సేపు తోలు గురించే మాట్లాడింది. ఆముదం వాసన ఎలా ఉంటుందని అడిగింది. ఓక్ ట్రీ రోడ్‌లో మనవాళ్ళ కొట్టు నుంచి ఒక సీసా కొనుక్కొచ్చి ఇచ్చాను. తమ్ముడి బూట్లకి రాసింది. ఆయన మూడు రోజులు వాసన మీద జోకులు వేశాడు.

అక్కకీ తమ్ముడికీ కలిపి చిన్నప్పుడు ఒకటే జత. అడుగున ఇనుప మేకులు కొట్టిన బూట్లు. ఆదివారం గుడికి, అంటే వాళ్ళ చర్చికి మాత్రమే. అప్పుడు కూడా ఇంటి నుంచి తొడుక్కుని వెళ్ళేది కాదు, తోలు అరిగిపోతుందని. లేసులు ముడివేసి భుజాన వేసుకుని, వట్టికాళ్ళతో నడిచి, గుడికి ముందు ఒక రాతిగోడ ఉంటే దాని మీద కూర్చుని, కాళ్ళు గడ్డికి తుడుచుకుని తొడుక్కునేవాళ్ళు. పొద్దున్నే జరిగే మొదటి పూజకి ఆవిడ. రెండో పూజకి తమ్ముడు. మొదటిది అవగానే ఆవిడ గోడ దగ్గరికి వచ్చి విప్పాలి, అక్కడ నిలబడ్డ తమ్ముడు తొడుక్కోవాలి.

"వాడు ఎప్పుడూ ముందే వచ్చి నిలబడేవాడు, వెధవ," అనేది. అంతవరకే చెప్పేది.

ఫిబ్రవరిలో తమ్ముడు నిద్రలోనే పోయాడు.

నరేందర్ ఊరుకునే మనిషి కాదు. "నువ్వే గదరా బల్ల మీద పెట్టినవ్ డబ్బా. ముసలాయన లేషిండు సూడు." అన్నాక, నా ముఖం చూసి, "ఏయ్, మజాక్ చేసిన," అన్నాడు. నేను ఇంజనీరింగ్ చదివాను. పెట్టెకీ ఆ చావుకీ సంబంధం లేదని తెలుసు. తెలిసినా ఆ వారమంతా ఏ పెట్టె తెచ్చినా నేల మీదే పెట్టాను.

ఇక్కడి శవపేటికల మూత రెండు ముక్కలుగా ఉంటుంది. పై ముక్క తెరిచి ముఖం చూపిస్తారు, నడుము కింది ముక్క మూసే ఉంచుతారు. కాళ్ళు ఎవరికీ కనపడవు కాబట్టి జోళ్ళు అక్కర్లేదని అంత్యక్రియలు చేసే కంపెనీ మనిషి చెప్పాడట. తమ్ముడి జోళ్ళు ఆవిడ సంచిలో వెనక్కి తెచ్చింది. "మంచిదే అయింది. మట్టిలో పెట్టిన జోళ్ళతో ఎవడు నడుస్తాడు?" అంది.

ఖననం అయిన మూడోరోజు నన్ను వంటగదిలోకి పిలిచింది. టీ పోసింది. సంచి నేల మీద, కుర్చీ కాలికి ఆనించి ఉంది.

"నీ కాలు పది," అంది.

"అవును. మీకెలా..."

"చూశాను. వాడిదీ పదే." సంచి వైపు తల ఊపింది. "మా ఊళ్ళో మనిషి పోతే, వాడి బట్టలు, జోళ్ళు బతికున్నవాడు ఒకడు తొడుక్కుని మూడు ఆదివారాలు పూజకి వెళ్ళాలి. అప్పుడే అక్కడ వాడికి అవి అందుతాయి. లేకపోతే వాడు వట్టికాళ్ళతోనే ఉంటాడు. మా మేనల్లుడు ఉన్నాడు, అన్న కొడుకు, కానీ వాడి పాదం పదమూడు. పైగా నవ్వాడు."

"నేను మీ మతం వాణ్ణి కాదు."

"జోళ్ళకి మతం ఏముంది? నువ్వు ప్రార్థన చెయ్యనక్కర్లేదు. వరుసలో నిలబడి రొట్టె తీసుకోకు, అది నీకు కాదు. కూర్చో, కాళ్ళు నేలకి ఆనించు. అంతే."

అప్పటిదాకా ఆవిడ దేనికైనా ఆదేశించడమే చూశాను. అడగడం చూడలేదు.

ఆలోచించి చెప్తానన్నాను. మా అమ్మకి ఫోన్ చేశాను, అది తప్పు.

"చచ్చినాయన జోళ్ళు నువ్వు తొడుక్కోవడమేంట్రా? అసలే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని నేనిక్కడ చస్తుంటే! శని కాళ్ళ దగ్గరే పట్టుకుంటుంది తెలుసా?" కాసేపు తిట్టింది. తరువాత తాతయ్య సంగతి ఎత్తింది. "మీ తాతయ్య పోయినప్పుడు పదకొండో రోజున చెప్పులూ గొడుగూ దానం ఇచ్చాం. పోయినవాళ్ళ దారంతా ఎండలో కాలే ఇసుకట. పుచ్చుకున్నాయన తొడుక్కుంటే తాతయ్యకి అక్కడ కాళ్ళు కాలవట." చెప్తుండగానే తనకే తోచింది. "వాళ్ళకీ ఉందన్నమాట... సరే, తొడుక్కో. కానీ పుచ్చుకోకు. దానం పట్టినవాడికి పాపం అంటుతుంది. మూడు వారాలయ్యాక ఇచ్చెయ్. వింటున్నావా?"

వింటున్నానన్నాను.

మొదటి ఆదివారం తొడుక్కున్నాను. ఇంకొకరి పాదం అచ్చు లోపల ఉంది. ఆయన ఎడమ మడమ బయటి అంచు మీద నడిచేవాడు. మెట్లు దిగేసరికి నేనూ అలాగే నడుస్తున్నాను. ఆముదం వాసన ఇంకా పోలేదు. ఆవిడ పక్కనే నడిచింది, నా కాళ్ళ వంకే చూస్తూ.

గుడి దగ్గర ఆవిడ ముందు లోపలికి వెళ్ళి మూడో వరుసలో కూర్చుంది. నేను వెనక వచ్చాను. గుమ్మం దాటుతూ, కోట్లు తగిలించే చోటు కింద, జోళ్ళు విప్పి నీటుగా గోడవారగా పెట్టి, సాక్స్‌తో లోపలికి వెళ్ళి వెనక వరుసలో కూర్చున్నాను.

ఆలోచించి చేసిన పని కాదు. గుళ్ళోకి చెప్పులతో వెళ్ళకూడదు, అంతే. పుట్టినప్పటి నుంచి కాళ్ళకి తెలిసిన విషయం. చుట్టూ ఉన్నవాళ్ళందరి కాళ్ళకీ బూట్లున్నాయని కూడా చూడలేదు. కాళ్ళు నేలకి ఆనించి, చెప్పినట్టే కూర్చున్నాను.

ఆవిడ రొట్టె తీసుకుని వెనక్కి తిరిగి వస్తూ నా వైపు చూసింది. ముఖం, తరువాత కాళ్ళు. నడక ఆగిపోయింది. వెనక వస్తున్న ఆయన ఆవిడను ఢీకొట్టబోయాడు.

ఇంటికి వచ్చే దారిలో సగం దాకా నాకన్నా ముందు నడిచింది. తరువాత అంది: "వాడు వచ్చే ఉంటాడు. గుమ్మంలో జోళ్ళు ఖాళీగా ఉండటం చూసి ఉంటాడు."

మా ఆచారం అని మొదలుపెట్టాను. ఆవిడ వినలేదు.

"ఒక ఆదివారం నేను ఆలస్యం చేశాను," అంది. "పూజ అయ్యాక ఆడపిల్లలతో కబుర్లలో పడ్డాను, జోళ్ళతో. ఇంకాసేపు జోళ్ళతో నిలబడాలనిపించింది. ఆ రోజు గడ్డి మీద మంచు గట్టిపడి ఉంది. వాడు గోడ దగ్గరే ఉన్నాడు. రెండో గంట కొట్టారు. వాడు నా కోసం కేకెయ్యలేదు, వట్టికాళ్ళతో లోపలికి పోయాడు. వేళ్ళు పగిలి, పుండ్లు పడి, ఆ చలికాలమంతా కుంటాడు. ఎనిమిదేళ్ళవాడు. ఒక్క మాట అనలేదు. అరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, ఒక్కసారి ఎత్తలేదు." గేటు తీసింది. "ఇది లెక్కలోకి రాదు. వచ్చే వారం నుంచి మూడు."

నరేందర్‌కి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వాడు. "గుళ్ళె చెప్పులిడిస్తే ఎవడన్న ఎత్కపోతె శని పోతది. నీ శనిని ఎవడు ముట్టలే, ఆడనే ఉన్నది!"

తరువాతి రెండు ఆదివారాలు తప్పు జరగలేదు. గుమ్మం దగ్గర ఆవిడ ఆగి, నన్ను ముందు పంపి, నా కాళ్ళు గడప దాటాకే తను వచ్చింది. నేను జోళ్ళతో దేవుడి ముందు కూర్చుని, రెండుసార్లూ లెంపలు వేసుకోబోయి ఆగాను. ఒకటి, రెండు. ఆవిడ ముఖం కొద్దిగా తెరిపినపడింది. ఆముదం వల్ల బూట్లు నూనె పోసిన సాలాడ్‌లా ఉన్నాయని తమ్ముడు ఎప్పుడో అన్నాడట. రెండో ఆదివారం నాడు అది చెప్పి నవ్వింది కూడా.

ఆ గురువారం నా ప్రాజెక్ట్ పోయింది. శుక్రవారం కన్సల్టెన్సీ నుంచి ఫోన్.

"బ్రో, గుడ్ న్యూస్. డాలస్‌లో క్లయింట్ కన్ఫర్మ్ చేశాడు. మండే జాయినింగ్. సండే మార్నింగ్ ఫ్లైట్ బుక్ చేసేశాం."

"సండే కాకుండా మండే వెళ్తే?"

"బ్రో, మార్కెట్ చూస్తున్నావా అసలు? నీ ప్లేస్‌లో జాయిన్ అవడానికి నలుగురు రెడీగా ఉన్నారు. వీసా స్టేటస్ పోయాక నన్ను అనొద్దు."

శనివారం మధ్యాహ్నం కిందికి దిగాను. ముందే వెతికి పెట్టుకున్నాను: శనివారం సాయంత్రం జరిగే పూజ కూడా ఆదివారం లెక్కలోకే వస్తుందని వాళ్ళ గుడి వెబ్‌సైట్‌లో ఉంది. అదే చెప్పాను.

"అది ఫాదర్ లెక్క. మా ఊళ్ళో శనివారం సాయంత్రం ఆవుల్ని పితకడమే," అంది. లేచి స్టవ్ దాకా వెళ్ళింది, మళ్ళీ వచ్చి కూర్చుంది. "రెండు చాలవు. రెండంటే వాడు గోడ దాకా వచ్చి ఆగిపోతాడు."

"నేను ఉండిపోలేను. ఉంటే ఉద్యోగం ఉండదు. దేశం వదిలి వెళ్ళాలి."

"ఉండమనలేదు. నువ్వు వెళ్ళే ఊళ్ళో గుడి ఉందా?"

"ఉండే ఉంటుంది."

"అయితే జోళ్ళు తీసుకుపో. వాడి జోళ్ళు ఎక్కడున్నా వాడు కనిపెడతాడు. మేకు చప్పుడు వింటే చాలు, ఎవరివో చెప్పేవాడు."

ఆ బూట్లకి మేకులు లేవు. అయినా సూట్‌కేసులో పెట్టుకున్నాను.

విమానం ఆలస్యమైంది. డాలస్‌లో దిగి హోటల్ చేరేసరికి పొద్దున్న, మధ్యాహ్నం పూజలన్నీ అయిపోయాయి. హోటల్ కుర్రాడు వెతికి చెప్పాడు: ఆ దగ్గర్లో సాయంత్రం పూజ ఒక్క చోటే ఉంది, స్పానిష్‌లో. మూడున్నర మైళ్ళు. నాకు కారు లేదు, ఆ రోడ్డు మీద బస్సు లేదు. టాక్సీకి ఫోన్ చేస్తే గంట పడుతుందన్నారు. నడిచాను.

అక్కడ రోడ్డు పక్కన మనిషి నడవడానికి చోటు ఉండదు. గడ్డి మీద నడవాలి. సగం దూరం వెళ్ళేసరికి ఎడమ మడమ దగ్గర తోలు కరిచింది. ఇంకాస్త నడిస్తే పుండు పడుతుంది, పుండు పడితే లోపల నిలబడలేను. విప్పాను. సాక్స్ జేబులో పెట్టుకుని, లేసులు రెండూ ముడివేసి భుజాన వేసుకున్నాను. పికప్ ట్రక్కులో వెళ్తున్నవాళ్ళు హారన్ కొట్టారు. గడ్డి ఎండిపోయి గరుకుగా ఉంది. నాకున్న భయం ఒకటే: విప్పినందుకు ఇదీ లెక్కలోకి రాకుండా పోతుందేమో. తొడుక్కునే వెళ్ళాలో, లోపల ఉంటే చాలో, నేను అడగలేదు. నా పనిలో ఇలాంటివి ముందే అడిగి రాసుకుంటాం.

గుడి ముందు, పేరు రాసిన పలక చుట్టూ, మోకాలెత్తు ఇటుక గోడ ఉంది. దాని మీద కూర్చుని, కాళ్ళకంటిన గడ్డి రుమాలుతో తుడుచుకుని, తొడుక్కుని, లేసులు కట్టుకున్నాను. లోపల పిల్లాజెల్లా అంతా కిక్కిరిసి ఉన్నారు. కూర్చోవడానికి చోటు లేదు. వెనక నిలబడ్డాను. మడమ మండుతోంది. కాస్త ఎత్తితే హాయిగా ఉండేది. ఎత్తితే లెక్కలోకి వస్తుందో రాదో తెలియదు, అందుకని ఎత్తలేదు.

బయటికి వచ్చి ఫోన్ చేశాను. ఫోన్ మోగితే ఎప్పుడూ వెంటనే తీయని మనిషి, మొదటి గంటకే తీసింది.

"ఎక్కడున్నావ్?"

"గుడి బయట."

"తొడుక్కునే ఉన్నావా?"

"లోపల ఉన్నంతసేపూ." తరువాత చెప్పక తప్పలేదు. "దారిలో కరిచాయి. విప్పి భుజాన వేసుకుని నడిచాను. గుడి ముందు గోడ మీద కూర్చుని తొడుక్కున్నాను."

కాల్ కట్ అయిందేమోనని స్క్రీన్ చూసుకున్నాను.

"గోడ మీదా?" అంది.

"అవును."

"కాళ్ళు తుడుచుకున్నావా ముందు?"

"తుడుచుకున్నాను."

"మరింకేం," అని పెట్టేసింది.

బూట్లు తిరిగి పంపుతానంటే ఒప్పుకోలేదు. తొడుక్కున్నవాడివే అవి అంది. అలా డాలస్ పక్కన కాపెల్‌లో ఉన్న ఈ ఇంట్లో అవి నా దగ్గరే ఉన్నాయి. ఇచ్చేశావా అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఆ మాట మారుస్తాను.

ఆ తరువాత పండగలకి ఫోన్ చేసేవాణ్ణి. పెళ్ళయిందని చెప్పినప్పుడు, అమ్మాయి పేరు, ఊరు, చదువు ఏదీ అడగలేదు. "కాలు ఎంత?" అంది. ఆరు అన్నాను. "చిన్నది," అంది, కాస్త దిగులుగా. ముసలివాళ్ళ చాదస్తం అని స్వాతికి చెప్పి నవ్వుకున్నాం.

ఇదంతా పెట్టె పక్కన నేల మీద కూర్చుని స్వాతికి చెప్పాను. విన్నాక బూటు వైపు చెయ్యి చాపింది.

"నీకు పెద్దవి," అన్నాను. "పైగా ఈ సమయంలో పోయినావిడవి... వద్దు. ఆముదం రాసి దాచిపెడదాం."

"దాచిపెడితే ఆవిడ వట్టికాళ్ళతో ఉంటుందనేగా నువ్వు ఇప్పటిదాకా చెప్పింది?" కాలు చూపించింది. ఆ నెలలో పాదాలు వాచి, తన చెప్పులేవీ పట్టడం లేదు. నన్ను వంగమని, తొడిగించుకుంది. పట్టాయి. లేచి గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. "ఈవిడ కుడికాలి మీద బరువు వేసేది కదూ?"

అవును. వెనక మెట్టు మీద బేసిన్ ఎత్తేటప్పుడు అలాగే నిలబడేది.

"ఇప్పుడు ఆవిడ ఎక్కడున్నట్టు?"

"గోడ దగ్గర," అన్నాను.

అమ్మకి చెప్పలేదు. స్వాతి అమ్మకీ చెప్పలేదు. ఆదివారాలు స్వాతిని గుడి గుమ్మం దాకా కారులో తీసుకెళ్తున్నాను. గడప దాటేటప్పుడు తన కాళ్ళ వంక చూస్తున్నాను. మొన్న డాక్టర్ వాపు ఎక్కువగానే ఉందని, బీపీ మళ్ళీ చూస్తానని, పెరిగితే మంచం దిగనివ్వనని చెప్పింది. అపాయింట్‌మెంట్ శుక్రవారం. బూట్లు ఇంటి గుమ్మం పక్కన నేల మీద ఉన్నాయి.

రెండు ఆదివారాలు అయ్యాయి. ఒకటి ఉంది.